ఒక పిడుదు, నాలుగు జబ్బులు: "జతపరచండి" పట్టికలో ఇమడని లెక్క

రోగవాహకాల పట్టిక మనందరి నోట్స్‌లోనూ ఉంటుంది. మలేరియా ఎదురుగా ఆడ అనాఫిలిస్ దోమ, డెంగీ ఎదురుగా ఏడిస్, కాలా అజార్ ఎదురుగా శాండ్‌ఫ్లై, స్క్రబ్ టైఫస్ ఎదురుగా చిగ్గర్ మైట్, చివరి వరుసలో క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ ఎదురుగా టిక్. ఒక జబ్బు, ఒక పురుగు, మధ్యలో ఒక గీత. ప్రిలిమ్స్‌లో రెండు మార్కులకు అది చాలు. అయితే ఆ చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి పట్టిక పనిచేయడం మానేస్తుందని నా వాదన. మన నోట్స్ వరకే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. దేశంలో జ్వరాల మీద నిఘా పెట్టే కార్యక్రమాలు కూడా ఇదే పట్టిక మీద కట్టినవి. అందుకే దీన్ని జీఎస్-2లో ఆరోగ్యం కిందా, జీఎస్-3లో పశుపోషణ కిందా ఒకేసారి చదవాలి.

ముందు పేరు సంగతి. టిక్ అంటే మన పిడుదు. కొన్ని జిల్లాల్లో గోమారి అంటారు. నేనుండే ఖరగ్‌పూర్‌లో బెంగాలీ వాళ్లు ఎంటులి అంటారు, హిందీ వాళ్లు కిల్నీ అంటారు. రైల్వే క్వార్టర్ల సందుల్లో ఏ వీధి కుక్క చెవి మడత తిప్పి చూసినా బూడిద రంగు గింజల్లా అంటుకుని కనిపిస్తాయి. స్క్రబ్ టైఫస్‌ను మోసే మైట్‌ను దీనితో కలిపేయకండి. రెండూ సాలీడు బంధువులే కానీ మోసే జబ్బులు వేరు, బతికే తీరు వేరు.

ఆ బతికే తీరులోనే అసలు విషయం ఉంది. ఆడ దోమ కొన్ని రోజులకోసారి రక్తం తాగుతుంది, నిమిషాల్లో లేచిపోతుంది. మనం మాట్లాడుకునే రకం పిడుదులు జీవితం మొత్తంలో మూడు సార్లే భోంచేస్తాయి: లార్వాగా ఒకసారి, నింఫ్‌గా ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి. ఒక్కో భోజనం రోజుల తరబడి సాగుతుంది. చాలా జాతుల్లో ఒక్కో భోజనం ఒక్కో జంతువు మీద. మొదట ఎలుకో పక్షో, తర్వాత కోతో కుందేలో, చివరికి ఆవో మేకో. ప్రతి జంతువు రక్తంలో ఏముంటే అది కడుపులోకి చేరుతుంది. చర్మం మార్చుకుని తర్వాతి దశకు వెళ్లినా కొన్ని క్రిములు లోపలే మిగిలిపోతాయి. కొన్ని తల్లి నుంచి గుడ్లలోకీ వెళ్తాయి. వీటికి తోడు పిడుదు తనకంటూ పెంచుకునే బ్యాక్టీరియా ఉంటుంది. రక్తంలో దొరకని విటమిన్లు తయారుచేసి ఇచ్చేది అదే.

అంటే ఒక పిడుదు కడుపులో వైరస్, బ్యాక్టీరియా, మలేరియా క్రిమి బంధువైన ప్రోటోజోవా, సొంత బ్యాక్టీరియా అన్నీ ఒకే చోట ఉండొచ్చు. ఇది అరుదైన సంగతేమీ కాదు. ఫ్రాన్స్‌లోని ఆర్డెన్ ప్రాంతపు పిడుదుల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏదో ఒక క్రిమి ఉన్న పిడుదుల్లో దాదాపు సగం వాటిలో ఒకటి కంటే ఎక్కువ క్రిములు దొరికాయి. కొన్నింటిలో ఐదు దాకా ఉన్నాయి. సహసంక్రమణ మినహాయింపు కాదు, అదే నియమం అన్న అర్థం వచ్చేలా ఆ పరిశోధకులు తమ పేపర్‌కు పేరు పెట్టుకున్నారు.

ఒకచోట చేరిన క్రిములు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఉంటే కథ సులువే. రెండు జబ్బులుంటే రెండు జబ్బులని కూడుకుంటే సరిపోయేది. కానీ కూడిక ఇక్కడ పనిచేయదు.

ఒకదాన్నొకటి అడ్డుకునే కేసు ముందు చూడండి. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిటర్‌రూట్ అనే లోయ ఉంది. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరం లోయకు పడమటి పక్కన జనాన్ని చంపేది. తూర్పు పక్కన అదే జాతి పిడుదులున్నా జబ్బు దాదాపు కనిపించేది కాదు. లైమ్ వ్యాధి క్రిమికి పేరిచ్చిన విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం 1981లో దీనికి ఒక వివరణ చూపింది. తూర్పు పిడుదుల అండాశయాల్లో హాని చేయని మరో రికెట్సియా ముందే కాపురం పెట్టి ఉంది. అది ఉన్నచోట ప్రమాదకరమైన రికెట్సియా తల్లి నుంచి గుడ్లలోకి దిగలేకపోతోంది. మా ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఇంటర్‌లాకింగ్ పనిచేసే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక రూట్ సెట్ అయితే దానికి అడ్డొచ్చే రూట్ తాళం పడిపోతుంది. తేడా ఏమిటంటే, పిడుదులో ఆ ప్యానెల్ దగ్గర ఎవరూ కూర్చుని లేరు.

ఇప్పుడు సాయం చేసుకునే కేసు. ఈశాన్య అమెరికాలో జింక పిడుదు లైమ్ బ్యాక్టీరియాను, అనాప్లాస్మా అనే బ్యాక్టీరియాను, బబేసియా అనే ప్రోటోజోవాను మోస్తుంది. గిరీష్ నీలకంఠ తదితరులు 2010లో చూపించినదేమిటంటే, అనాప్లాస్మా సోకిన పిడుదు గడ్డకట్టకుండా కాపాడే ఒక ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, దాంతో తీవ్రమైన చలిని తట్టుకుని బతుకుతుంది. క్రిమి తన వాహనానికి స్వెట్టర్ తొడిగిందన్నమాట. అది బతికితే అందులో ప్రయాణించే మిగతా క్రిములకూ బతుకే. ఇంకో సంగతి. లైమ్ బ్యాక్టీరియా ఉన్న ఎలుకల నుంచి బబేసియా పిడుదులకు మరింత తేలిగ్గా ఎక్కుతోందని 2014 నాటి ప్రయోగాలు చెప్పాయి. లైమ్ వ్యాధి ముందే పాతుకుపోయిన చోట్లకే బబేసియా తర్వాత వెళ్లడానికి ఇదొక కారణమంటారు. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాలను అమెరికా సీడీసీ 2023లో బబేసియోసిస్ స్థానికంగా ఉన్న రాష్ట్రాల జాబితాలో చేర్చింది.

పిడుదు కడుపు లోపలి గోడకు ఒక పలుచని పొర ఉంటుంది. సుకన్య నరసింహన్ తదితరులు 2014లో పిడుదు కడుపులోని మామూలు బ్యాక్టీరియాను చెదరగొట్టి చూశారు. పొర పలచబడింది, లైమ్ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడం కష్టమైంది. 2017లో వచ్చిన మరో అధ్యయనం అనాప్లాస్మా సరిగ్గా ఆ పనే చేస్తుందని చెప్పింది. కడుపులోని బ్యాక్టీరియాను మార్చి, పొరను పలచన చేసి, తను లోపలికి దూరుతుంది. ఒకదానికి తలుపైనది మరోదానికి గోతి. అయినా అడవిలో పట్టిన పిడుదుల్లో రెండూ కలిసి దొరుకుతూనే ఉన్నాయి. మెయిన్స్‌లో "సహసంక్రమణ వల్ల వ్యాధి తీవ్రమవుతుంది" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లే అలవాటు మానుకోవడానికి ఈ ఉదాహరణ ఒక్కటి చాలు.

ఇంకా నమ్మకం కుదరకపోతే కెన్యా దూడల లెక్క ఉంది. పశ్చిమ కెన్యాలో ఐదు వందలకు పైగా దూడలను పుట్టినప్పటి నుంచి ఏడాది పాటు గమనించారు. అక్కడ దూడలను ఎక్కువగా చంపేది పిడుదులు మోసే థైలేరియా పార్వా. అయితే అంతగా హాని చేయని వేరే థైలేరియా జాతులు కూడా సోకిన దూడల్లో, పార్వా వల్ల వచ్చే మరణాలు 89 శాతం తక్కువ. 2015లో ఈ ఫలితం వచ్చింది. రెండో క్రిమి ఇక్కడ కవచమైంది. మనుషుల్లో ఇందుకు ఎదురు ఉదాహరణ ఉంది. లైమ్, బబేసియా రెండూ కలిసి సోకినవాళ్లలో లక్షణాలు ఎక్కువ, జబ్బు ఎక్కువ కాలం ఉంటోందని 1996లోనే అమెరికా వైద్యులు రాశారు. ఏ జంట కలిసింది, ఏ జంతువులో కలిసింది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ముందే చెప్పలేం, చూసి తీరాలి.

అమెరికా, ఆఫ్రికా సరే, మన సంగతేమిటి? ఇక్కడ నేను ఒక పాత కేసు తీయాలనుకుంటున్నాను. మన పరీక్షా పుస్తకాల్లో ఇది నాకెక్కడా కనిపించలేదు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు సొంతూరి దారి ఒక్కటే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి మా ముత్తాతలు ఎక్కి వచ్చిన లైను అదే, పండక్కి మేం దిగేదీ అదే. బాలేశ్వర్, భువనేశ్వర్, బరంపురం దాటితే ఇచ్ఛాపురం. బరంపురం ఉన్నది గంజాం జిల్లాలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా అది మద్రాస్ ప్రెసిడెన్సీలోని జిల్లా. ఆ జిల్లాలో బరంపురం నుంచి లోపలికి వెళ్తే భంజనగర్ వస్తుంది. దాని పాత పేరు రస్సెల్‌కొండ. తెల్లదొర పేరుకు మన కొండ తగిలించిన ఊరు, తర్వాత ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు పెట్టుకుంది.

1954-55లో ఆ భంజనగర్‌లో కాళ్లు పడిపోయిన మేకల మీంచి పిడుదులు సేకరించి పుణెలోని వైరస్ రీసెర్చ్ సెంటర్‌లో పరీక్షించారు. 1952లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో పెట్టిన ఆ కేంద్రమే ఇప్పటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ. ఆ పిడుదుల్లో ఒక కొత్త వైరస్ దొరికింది. దానికి గంజాం వైరస్ అని పేరు పెట్టారు. అదే ఊరి మేకల మీంచి తీసిన అదే జాతి పిడుదుల్లో, హీమాఫైసాలిస్ ఇంటర్‌మీడియాలో, ఇంకో కొత్త వైరస్ కూడా దొరికింది. దానికి భంజ వైరస్ అన్నారు. రెండింటి వివరాలూ 1969లో అచ్చయ్యాయి. ఒకే ఊరు, ఒకే మేకలు, ఒకే జాతి పిడుదు, వైరస్‌లు మాత్రం రెండు. ఆ రెండూ దగ్గరి బంధువులు కూడా కావు. గంజాం వైరస్ క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం వైరస్ ఉన్న నైరోవైరస్ వర్గానిది. ఆఫ్రికాలో గొర్రెలను చంపే నైరోబీ షీప్ డిసీజ్ వైరస్, ఇదీ ఒకటేనని తర్వాత తేలింది. భంజ వైరస్ వేరే శాఖది, తర్వాత ఆఫ్రికాలోనూ ఐరోపాలో బాల్కన్ వైపూ దొరికింది. గంజాం వైరస్ మీద పనిచేస్తున్న ప్రయోగశాల సిబ్బందికే జ్వరాలొచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. కాబట్టి మేకల గొడవ మనకెందుకు అని వదిలేయడానికి లేదు.

ఇక్కడ పద్ధతి గురించి ఒక మాట. వైరస్ కోసం వెతికేటప్పుడు పిడుదులను గుంపులు గుంపులుగా కలిపి నూరి పరీక్షించడం ఆనాటి మామూలు పద్ధతి. ఇప్పటికీ ఖర్చు తగ్గించడానికి అలా చేస్తారు. గుంపులో వైరస్ ఉందో లేదో తెలుస్తుంది. ఏ పిడుదులో ఉంది, ఒకే పిడుదులో రెండున్నాయా, ఒకటున్న దాంట్లో రెండోది తక్కువగా ఉందా అన్నది ఆ పద్ధతిలో తెలియదు. ఇంజినీరింగ్‌లో దీన్ని సగటులో పోగొట్టుకున్న సమాచారం అంటాం. క్రిముల మధ్య సంబంధం కనిపించాలంటే పిడుదులను ఒక్కొక్కటిగా పరీక్షించాలి, ఒక్కోదాన్నీ అన్ని క్రిములకూ పరీక్షించాలి. జబ్బు పేరుతో మొదలయ్యే ప్రాజెక్టు ఆ పని చేయదు. కేఎఫ్‌డీ ప్రాజెక్టు కేఎఫ్‌డీ వైరస్ కోసమే వెతుకుతుంది, దొరకగానే ఆగుతుంది.

కేఎఫ్‌డీ గురించి మీకు తెలిసిందే కాబట్టి పొడిగా చెప్తాను. 1957లో షిమోగా జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, పక్క ఊళ్లలో జ్వరాలొచ్చాయి. హీమాఫైసాలిస్ స్పినిజెరా పిడుదు, ఎక్కువగా దాని నింఫ్‌లు, ఎండాకాలం ముందు నెలల నుంచి మనుషులను కుడతాయి. తర్వాత అది కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రల వైపు పశ్చిమ కనుమల పొడవునా కనిపించింది. పాత టీకా వాడకం 2022లో ఆగిపోయింది. కొత్త టీకాను ఐసీఎంఆర్‌తో కలిసి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది. మంచిదే. అయితే ఆ టీకా ఒక్క వైరస్‌ను ఆపుతుంది. ఆ పిడుదు మోసే మిగతా వాటికి అది అడ్డం కాదు.

అదే హైదరాబాద్ సంస్థ చాలా కాలంగా పశువులకు రక్షావ్యాక్-టి అనే టీకా ఇస్తోంది. అది థైలేరియా అన్యులేటాకు. పశువుల పిడుదు జబ్బులు మన రైతులకు మూడు పేర్లతో తెలుసు: థైలేరియాసిస్, బబేసియోసిస్, అనాప్లాస్మోసిస్. మొదటిదాన్ని హయలోమా పిడుదు మోస్తుంది. మిగతా రెంటినీ రైపిసెఫాలస్ మైక్రోప్లస్ మోస్తుంది. మూడింటికీ తీవ్ర జ్వరం, పాలు పడిపోవడం, రక్తహీనత ఉమ్మడి లక్షణాలు. మందులు మాత్రం వేరు. థైలేరియాకు బుపార్వాక్వోన్, బబేసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. ఒకదాని మందు రెండోదాన్ని ముట్టదు.

టెక్కలి దగ్గర పల్లెలో మా మావయ్యకు ఒక జెర్సీ సంకర ఆవు ఉండేది. ఆ ఇంట్లో నెల తిరగడం దాని పాల మీదే. రెండేళ్ల కిందట దానికి జ్వరమొచ్చింది, మెడ దగ్గర గ్రంథులు వాచాయి. డాక్టరు గారు రక్తపు చుక్క గాజు పలక మీద చూసి థైలేరియా అన్నారు. సూది ఖరీదెక్కువ, అయినా వేయించారు. జ్వరం దిగింది. "గండం గడిచిందిరా" అని మావయ్య ఫోన్ చేసి చెప్పాడు. నాలుగో రోజు మూత్రం కాఫీ రంగులో వచ్చింది. అది బబేసియా లక్షణం. రెండో మందు దొరికి, వేసేలోపే ఆవు పోయింది. ఆ డాక్టరు గారు చేయగలిగింది చేశారు. ఒక క్రిమి కనిపించాక రెండోదాని కోసం వెతకమని ఆయన దగ్గరున్న ఏ ఫారమూ అడగదు. ఆ ఆవు ఒంటి మీద రెండు రకాల పిడుదులున్నాయన్నది అందరి కళ్లెదుటా ఉన్న విషయం. దాన్ని రాసుకునే గడి ఎక్కడా లేదు.

మనుషుల జ్వరం దగ్గరా ఇదే చిక్కు. "ఏ జ్వరమైనా డాక్సీసైక్లిన్ ఇస్తారు కదా, సరిపోదా?" అని మా స్టడీ సర్కిల్‌లో ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. స్క్రబ్ టైఫస్, ఇండియన్ టిక్ టైఫస్, అనాప్లాస్మా లాంటి బ్యాక్టీరియా జబ్బులకు అది నిజంగానే మంచి మందు. వైరస్‌కు పనిచేయదు, బబేసియాకు అది చాలదు. ఒక పరీక్ష పాజిటివ్ రాగానే వెతుకులాట ఆపేస్తే, తగ్గని సగం జ్వరాన్ని మందు మీదకో రోగి మీదకో నెడతాం.

ఇప్పుడు ప్రభుత్వ పట్టిక చూద్దాం. నేషనల్ సెంటర్ ఫర్ వెక్టర్ బోర్న్ డిసీజెస్ కంట్రోల్ పరిధిలో ఆరు జబ్బులున్నాయి: మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఫైలేరియా, కాలా అజార్. ఐదు దోమవి, ఒకటి శాండ్‌ఫ్లైది. పిడుదుది ఒక్కటీ లేదు. పశువుల వైపు 2019లో మొదలైన పెద్ద జాతీయ కార్యక్రమం గాలికుంటుకూ బ్రూసెల్లోసిస్‌కూ. అక్కడా పిడుదు లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 19 కోట్ల పైచిలుకు, గేదెలు దాదాపు 11 కోట్లు. ఇన్ని జంతువుల మీద బతికే జీవికి ఏ శాఖలోనూ సొంత ఫైలు లేదు. 2011లో గుజరాత్‌లో క్రిమియన్-కాంగో జ్వరం బయటపడి, చికిత్స చేసిన వైద్యుడు, నర్సు కూడా చనిపోయినప్పుడు కొన్నాళ్లు హడావుడి జరిగింది. ఆ వైరస్‌ను మోసేది హయలోమా. మా మావయ్య ఆవుకు థైలేరియా ఇచ్చిన కుటుంబమే. ఆరోగ్య శాఖకు అది ఒక పురుగు, పశుసంవర్ధక శాఖకు అదే పురుగు ఇంకో జబ్బుది.

పిడుదు పేరుతోనే లెక్కపెట్టడం కొత్త ఆలోచన కాదు. ఆస్ట్రేలియా రైతులు బబేసియా, అనాప్లాస్మా జబ్బులను కలిపి టిక్ ఫీవర్ అని ఒకే పేరుతో పిలుస్తారు. ఇంకా వెనక్కి వెళ్తే, రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని మనం గర్వంగా చదువుకుంటాం. అంతకు నాలుగేళ్ల ముందే, 1893లో, థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు అమెరికన్లు టెక్సాస్ పశువుల జ్వరాన్ని పిడుదు మోస్తుందని నిరూపించారు. ఆ తర్వాత అమెరికా జబ్బు వెంటపడలేదు, పిడుదు వెంటపడింది. 1906లో మొదలైన నిర్మూలన కార్యక్రమం 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీ తప్ప మిగతా దేశమంతా ఆ పిడుదును తుడిచేసింది. దాంతో పాటే జ్వరమూ పోయింది.

దాన్ని మనం అలాగే కాపీ కొట్టలేం. అక్కడిలా కంచెలు వేసి మందలను నిర్బంధంగా మందు తొట్లలో ముంచడం మన ఊళ్లలో, మన వీధి ఆవులతో జరిగే పని కాదు. పైగా డెల్టామెత్రిన్ లాంటి మందులకు మన మైక్రోప్లస్ పిడుదులు చాలాచోట్ల లొంగడం లేదు. మా కాలనీ పక్క ఖటాల్‌లో మందు మోతాదు కంటికి తోచినంత కలుపుతారు. లొంగని పిడుదులు తయారవడానికి అంతకంటే మంచి బడి ఉండదు. కాబట్టి మందు ఒక్కటే దారి అనేవాళ్లతో నేను ఏకీభవించను. పిడుదు మీదే పనిచేసే టీకాలు ఉన్నాయి. ఆస్ట్రేలియా, క్యూబా 1990ల్లోనే పిడుదు కడుపులోని ప్రోటీన్‌తో పశువుల టీకాలు తెచ్చాయి. 2021లో యేల్ శాస్త్రవేత్తలు పిడుదు లాలాజలంలోని 19 ప్రోటీన్లతో ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసి గినీ పందుల మీద చూశారు. కుట్టిన చోట వెంటనే ఎర్రబడింది, పిడుదులు సరిగా తాగలేక ముందే ఊడిపోయాయి. ఏ క్రిమిని మోస్తోందన్న ప్రశ్నే లేకుండా మోసేదాన్నే అడ్డుకునే దారి ఇది. ఇక మన ఒంగోలు జాతి పిడుదులను బాగా తట్టుకుంటుంది. బ్రెజిల్ తన మాంసం పరిశ్రమను కట్టుకున్న నెలోర్ పశువులు ఇక్కడి నుంచి వెళ్లినవే. మనం మాత్రం పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలకు మారి, పిడుదుకు మెత్తటి చర్మం అందించాం. ఆ నిర్ణయం తప్పని అనను, పాలు కావాలి. దాని ఖర్చులో పిడుదును ఎవరూ లెక్కవేయలేదు.

అభ్యంతరాలున్నాయి. ఒక్కో పిడుదును పది క్రిములకు పరీక్షించడం ఖరీదు కదా అంటారు. ఖరీదే. కానీ ప్రతి పిడుదునూ ఎవరూ పరీక్షించమనడం లేదు. కొన్ని చోట్ల, సీజన్లవారీగా, ఏటా అదే పద్ధతిలో చేస్తే చాలు. మలేరియాలో దోమల సర్వే చేసేది అలాగే. ప్రయోగశాలలు లేవంటే, కోవిడ్ తర్వాత జిల్లాల్లో ఆర్‌టీ-పీసీఆర్ యంత్రాలున్నాయి. నాగ్‌పూర్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వన్ హెల్త్‌కు 2022 డిసెంబర్ 11న శంకుస్థాపన జరిగింది. మనుషులు, పశువులు, అడవి కలిసే చోట పనిచేయడానికే దాన్ని తలపెట్టారు. వన్ హెల్త్ అన్న మాట మన జవాబుల్లో చివరి పేరాలో అలంకారంగా వాడి వాడి అరిగిపోయింది. దానికి పని చెప్పాలంటే పిడుదు కంటే మంచి మొదలు నాకు కనిపించదు. అది కోతినీ ఆవునూ మనిషినీ ఒకే జీవితంలో కుడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, నా ఓటు గంజాం-శ్రీకాకుళం సరిహద్దుకు. మేకలు, గొర్రెలు సంతల్లో రెండు వైపులా మారుతుంటాయి. అడవి ఉంది, సంకర ఆవులున్నాయి, డెబ్బై ఏళ్ల కిందటి రెండు వైరస్‌ల చరిత్ర ఉంది. ఇచ్ఛాపురం వైపు ఒక సంత, భంజనగర్ వైపు ఒక సంత తీసుకుని, ఏడాదికి మూడు సార్లు పిడుదులు ఏరి, ఒక్కోదాన్ని విడిగా సీసాలో వేయాలి. జంతువు ఏది, ఊరు ఏది, పిడుదు జాతి, దశ ఏవి అని సీసా మీద రాయాలి. ఒక్కోదాన్నీ గంజాం, భంజ, క్రిమియన్-కాంగో, కేఎఫ్‌డీ వైరస్‌లకూ, రికెట్సియాకూ, థైలేరియా, బబేసియా, అనాప్లాస్మాలకూ కలిపి చూడాలి. ఫలితాల షీట్ ఆంధ్రా, ఒడిశా ఆరోగ్య శాఖలకూ పశుసంవర్ధక శాఖలకూ ఒకేసారి వెళ్లాలి. జ్వరం కేసు ఫారంలోనూ, పశువైద్యుని రిజిస్టర్‌లోనూ రెండు గడులు కలపాలి: పిడుదు కుట్టిందా, రెండో క్రిమి కోసం చూశారా.